శనివారం సాక్ష్యం

పటేల్‌గూడలో హార్డ్‌వేర్ దుకాణం మీది అంతస్తులో ఒక అద్దె హాలుంది. ఆదివారం ఆరాధన అక్కడే. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాల సమయం. ఆ వారంలో దేవుడు ఎవరికి ఏ పనిలో ఏం నేర్పాడో లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. పాస్టరుగారి భార్యను అందరూ అమ్మగారనే పిలుస్తారు. ఆడవాళ్లంతా వంతులవారీగా చెప్పి తీరాలన్న పద్ధతి ఆమెదే.

పోశమ్మకైతే వంతుతో పనిలేదు. గ్రామదేవత పేరు పెట్టుకుని మందిరంలో ముందు వరుసలో కూర్చుంటావేమని ఎవరైనా ఆటపట్టిస్తే, "పేరు మా అవ్వ పెట్టింది, బతుకు ప్రభువు పెట్టిండు" అని నవ్వేస్తుంది. ఆమెకు కుక్కర్ విజిల్‌లో లోకాంతాన మోగే కడవరి బూర వినిపిస్తుంది, పొంగిపోయిన పాలలో గర్వం కనిపిస్తుంది. వారానికో పాఠం ఆమె వంటింట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ ఆదివారం మాత్రం ఆమె పాఠం వంటిల్లు దాటి జోగిపేట దాకా వెళ్లింది. అక్కడెవరో చనిపోయిన మనిషి ప్రార్థనతో లేచి కూర్చున్నాడని మొదలుపెట్టింది.

"నువ్వు చూసినవా పోశమ్మా?" అన్నారు అమ్మగారు.

"నేను సూడలేదమ్మా. మా ఆడబిడ్డ తోటికోడలు సూసిందట."

"అయితే ఆమెనే రమ్మను. చూడంది చెప్తే సాక్ష్యం ఎట్లయితది? కూసో."

హాలంతా నవ్వింది. పోశమ్మ కూడా నవ్వింది. నవ్వనిది దయామణి ఒక్కతే. వచ్చే ఆదివారం వంతు ఆమెది.

దయామణికి నలుగురి ముందు నిలబడటమంటే ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. కిందటిసారి లేచి, "ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు, ప్రభువు మంచోడు" అని చెప్పి ఠపీమని కూర్చుంది. మెట్లు దిగేటప్పుడు పోశమ్మ భుజం తట్టి, "ఆయన ఇంత జేస్తే నువ్వు గింతేనా చెప్పేది పిల్లా?" అంది. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈసారి పోశమ్మే నోరు తెరుచుకుని వినేలా చెప్పాలని దయామణి పంతం పట్టింది. అందులో భక్తి కొంత, పంతం చాలా.

సోమవారం పొద్దుటి నుంచీ పాఠం కోసం వేట మొదలైంది. నల్లా దగ్గర బిందె నిండుతుంటే పాఠం వెతికింది, దొరకలేదు. షేర్ ఆటోలో ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని పోతుంటే సహనం గురించి ఏదో తట్టింది గాని, పక్కామె మోచెయ్యి డొక్కలో దిగేసరికి అదీ ఎగిరిపోయింది.

పటాన్‌చెరు దాటి లోపలికి వెళ్లే దారిలో సీసాల మూతలు చేసే కంపెనీ ఉంది. దయామణి అక్కడ కాంట్రాక్టు కూలి. పెద్ద మిషన్లలో అచ్చు మూసుకుంటుంది, లోపలికి కరిగిన ప్లాస్టిక్ వస్తుంది, అచ్చు తెరుచుకుంటే మూతలు రాలతాయి. రాలిన మూతల అంచున సన్నని పొర మిగిలిపోతుంది. దాన్ని బ్లేడుతో కోసెయ్యడం దయామణి పని. ఎడమ చేతి బొటనవేలితో మూతను గిర్రున తిప్పుతుంది. కుడి చేతిలోని బ్లేడు కదలదు, మూతే దాని మీదుగా తిరిగి వస్తుంది. పొర మల్లెతీగలా చుట్టలు చుట్టుకుని ఒళ్లో పడుతుంది. అలా కోస్తుండగా ఆమెకు మెరుపులా తట్టింది. దేవుడూ అంతే కదా, మన అంచుల్లో మిగిలిన పనికిరానిదాన్ని కోసేసి మనల్ని పనికొచ్చేలా చేస్తాడు! మూత చేతిలో పట్టుకుని తనలో తనే మురిసిపోయింది. పోశమ్మ కుక్కర్ దీని ముందు ఎంత?

మంగళవారం పొద్దుట కూడా అదే పాఠాన్ని లోలోపల వల్లె వేసుకుంటూ పని చేసింది.

ఆ రోజు షిఫ్టు మొదట్లోనే సూపర్‌వైజర్ చంద్రకాంత్ హడావిడిగా వచ్చాడు. పెద్ద ఆర్డరుంది, మాల్ జల్దీ కావాలి. మిషన్‌కు ముందు జారుడు తలుపుంటుంది, దాన్ని అక్కడ గేటు అంటారు. గేటు మూస్తే దాని పక్కనున్న స్విచ్చి నొక్కుకుంటుంది, అప్పుడే అచ్చు కదులుతుంది. ప్రతిసారీ గేటు తీసి మూస్తుంటే ఆలస్యం. స్విచ్చిని నొక్కిపెట్టి కట్టేస్తే గేటు తెరిచి ఉన్నా మిషన్ ఆగకుండా నడుస్తుంది.

"దయామణీ, నీ బ్లేడియ్యి" అని చెయ్యి చాపాడు చంద్రకాంత్. ఆమె ఇచ్చింది. అతను అట్టపెట్టెలకు చుట్టే నీలం పట్టీని బ్లేడుతో ముక్క కోసి, నాగేశ్వరి నడిపే మిషన్ స్విచ్చికి బిగించి కట్టాడు.

"సార్, గేటు తెరిచి పెట్టి చెయ్యి పెట్టాల్నంటే భయమైతది" అంది నాగేశ్వరి.

"ఏం గాదు. ఇన్నేండ్ల సంది చేస్తున్నవు, నీకు చెప్పాల్నా?" అని బ్లేడు దయామణి బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

దయామణి అంతా చూసింది, అంతా విన్నది. బ్లేడు తీసుకుని మళ్లీ మూత తిప్పడం మొదలుపెట్టింది. ఆమె మనసు ఆదివారం మీద ఉంది.

భోజనం బెల్లుకు కాస్త ముందు అచ్చులో ఒక మూత ఇరుక్కుంది. నాగేశ్వరి దాన్ని లాగడానికి చెయ్యి పెట్టింది. అచ్చు ఆమె కోసం ఆగలేదు. ఆ కేక విన్నవాళ్లెవరికీ ఆ పూట అన్నం సహించలేదు. కుడి చేతి రెండు వేళ్లు నుజ్జయ్యాయి.

* 

గురువారం మధ్యాహ్నం చంద్రకాంత్ దయామణిని బల్ల దగ్గర నుంచి పక్కకు పిలిచాడు. "నువ్వు సాక్ష్యం చెప్పాలె" అన్నాడు.

దయామణి తెల్లబోయింది. మందిరం సంగతి ఈయనకెవరు చెప్పారు? "తెలుసు సార్. ఆదివారం గదా. తయారైతున్న" అంది సిగ్గుపడుతూ.

"ఆదివారం ఏంది? ఆదివారం సెలవు. శనివారం!"

"లేదు సార్, మా అమ్మగారు ఆదివారమే అన్నరు."

"మీ అమ్మగారెవరు నడుమ?" చంద్రకాంత్‌కు చిర్రెత్తింది. "నాగేశ్వరి మీద ఎంక్వైరీ. సంగారెడ్డి నుంచి వకీలుసాబ్ వస్తడు. నువ్వు కంపెనీ దిక్కు సాక్షివి. స్విచ్చికి పట్టీ నాగేశ్వరే కట్టుకున్నది, నేను కండ్లార చూసిన, అని చెప్పాలె. గంతే."

దయామణి తన బల్ల మీది బ్లేడు వైపు చూసింది.

"వచ్చే వారం మూతలు కొనేటోళ్లు కంపెనీ చూడనీకి వస్తున్నరు. అంతకుముందే ఫైలు మూసెయ్యాలె" అని అతను గొంతు తగ్గించాడు. "పైనోళ్లు నా పీకల మీద కూసున్నరు దయామణీ. నువ్వు మంచిగ చెప్పినవనుకో, నిన్ను కాంట్రాక్టు నుంచి తీసి కంపెనీ రోల్స్‌ల వేయిస్త, పర్మినెంటు నౌకరి. చెప్పకపోతే... కాంట్రాక్టు పని సంగతి నీకు తెల్సిందే గదా. చెప్తవా?"

మనిషి చెడ్డవాడని కాదు. కిందటి ఏడాది దయామణికి జ్వరమొస్తే ఆటో పిలిచి ఇంటికి పంపింది అతనే. కానీ భయం పట్టినవాడితో పక్కవాళ్లకే ప్రమాదం. దయామణికీ భయమే. ఆమె తల ఊగింది. అవునని ఊగిందో, వణికి ఊగిందో ఆమెకే తెలీదు. చంద్రకాంత్ మాత్రం "శభాష్" అని వెళ్లిపోయాడు.

షిఫ్టు వదిలాక దయామణి తల వంచుకుని రోడ్డెక్కింది. మూల మీద చికెన్ సెంటర్ ముందు ఇనుప జాలీలో ఒక నాటుకోడి ఉంది. ఇంకా ఎండ తగ్గలేదు, పట్టపగలు. ఆ కోడికేం పుట్టిందో, మెడ నిక్కించి గొంతు చించుకుని కూసింది.

దయామణి కాళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి.

చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు విన్న కథ! ప్రభువును పట్టుకుపోయిన రాత్రి, మంట దగ్గర చలి కాచుకుంటూ, "ఆ మనిషి ఎవరో నాకు తెలియదు" అని తప్పుకున్న శిష్యుడి కథ. కోడి కూసేలోపు నన్నెరుగనంటావని ప్రభువు ముందే చెప్పాడు. కోడి కూయగానే అతను బయటికి పోయి భోరున ఏడ్చాడు. ఆ ప్రసంగం విన్నప్పుడల్లా, అంత పిరికివాడేంటి, పక్కనే తిరిగినవాడు గదా, అని దయామణి అతన్ని తిట్టుకునేది. సోమవారమంతా పాఠం కోసం నల్లాల్లో, ఆటోల్లో, మూతల్లో వెతికింది. ఇప్పుడు అడక్కుండానే పాఠం జాలీలో నిలబడి ఆమె ముఖం మీదే కూస్తోంది. పొమ్మన్నా పోదు.

"ఏం గావాలె అక్కా? నాటుకోడా, బాయిలరా?" అన్నాడు దుకాణంవాడు.

"ఏమొద్దు" అని గబగబా నడిచింది. వెనక నుంచి అది ఇంకోసారి కూసింది.

ఇంట్లో భర్త సునీల్‌కుమార్ నీళ్ల ట్యాంకర్ నడిపి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సంగతి విని చాలాసేపు తువ్వాలతో పాదాలు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మనకెందుకే పరేషాన్? అయ్యిందేదో అయ్యింది. నువ్వు నిజం చెప్తే నాగేశ్వరి వేళ్లు తిరిగొస్తయా?"

"రావు."

"మరింకేంది?"

దయామణి పొయ్యి వైపు తిరిగింది. ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

శుక్రవారం పని వదిలాక నాగేశ్వరి ఇంటికి వెళ్లింది. చూసి రావాలని అనుకుందే గాని, ఏం మాట్లాడాలో అనుకోలేదు. నాగేశ్వరి గడప మీద కూర్చుని, బడి నుంచి వచ్చిన కూతురికి జడ వెయ్యడానికి తంటాలు పడుతోంది. కుడి చెయ్యి మణికట్టు దాకా కట్టు. ఎడమ చేత్తో మూడు పాయలు తీసింది, మూడోది పట్టుకునేసరికి మొదటిది జారిపోయింది. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. పిల్ల కిక్కురుమనకుండా కూర్చుంది.

"దయక్కా, రా, కూసో" అంది నాగేశ్వరి. ఆమె ముఖంలో కోపం లేదు. అదే దయామణిని ఎక్కువ బాధపెట్టింది. "నువ్వు కంపెనీ దిక్కు సాక్షివట గదా. పక్క మిషన్ చిన్నరాములు చెప్పిండు. ఆయనను గూడ పెట్టిన్రట."

దయామణి తల దించుకుంది.

"నేనేం అనుకోను. నీకు ఇల్లున్నది, పిల్లలున్నరు. ఎవ్వలైనా గంతే చేస్తరు. కాకపోతే ఒక్కటి అక్కా, పట్టీ నేనే కట్టుకున్ననంటే ఊళ్లె అందరు ఏమంటరు? తన చెయ్యి తనే నరుక్కున్నదంటరు. వేళ్లు పోయినందుకు ఏడ్వలే నేను, గా మాటకు ఏడుస్తున్న. నౌకరి పోతే ఇంకో నౌకరి. ఒంటి చేతిదానికి ఎవ్వలిస్తరో మరి."

దయామణి గడప మీద పక్కనే కూర్చుంది. దువ్వెన తీసుకుని, పిల్లను తన వైపు తిప్పుకుని జడ వేసింది. వేలు వేలుకూ పాయ అందుతుంటే, వేళ్లున్నందుకే సిగ్గేసింది. ఎంత నెమ్మదిగా వేసినా జడ ఎంతసేపు పడుతుంది? రిబ్బను ముడివేసి లేచింది. వీధి మలుపు తిరిగేదాకా కన్నీళ్లు ఆపుకుంది.

* 

శనివారం. కంపెనీ ఆఫీసులో ఏసీ గది. పొడుగాటి బల్లకు ఒక చివర వకీలుసాబ్, నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్లజోడు. ఒక పక్క హెచ్.ఆర్. మేడమ్ శ్రావ్య, ఆమె పక్కన చంద్రకాంత్. ఇంకో పక్క నాగేశ్వరి ఒక్కతే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూలన టైపు కొట్టే గుమాస్తా.

దయామణి లోపలికి వచ్చి నాగేశ్వరి కుర్చీ పక్కన నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి. చీర కుచ్చిళ్లు కదలడం ఆమెకే కనిపిస్తోంది.

"ఆ రోజు ఏం జరిగిందో నీ సాక్ష్యం చెప్పమ్మా" అన్నాడు వకీలు.

సాక్ష్యం అన్న మాట చెవిన పడగానే నోరు తన అలవాటు తాను చేసేసింది.

"ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు."

గుమాస్తా తలెత్తి, "సార్, ఇది గూడ కొట్టాల్నా?" అన్నాడు. శ్రావ్య పెదవి కొరుక్కుంది. చంద్రకాంత్ పైకే నవ్వాడు. వకీలు కూడా మీసాల్లో నవ్వుకుని, "అది వదిలెయ్. నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోవాల్సిందే. కానీ వింత, ఆ నాలుగు మాటలూ బయటికి వచ్చాక దయామణికి తను నిలబడిన చోటు మారినట్టనిపించింది. ఇది ఏసీ గది కాదు, వీళ్లెవరూ పెద్దవాళ్లు కారు. ఆయన నామం చెప్పి నోరు తెరిచింది. ఇక ఆ నోటితో ఏది పడితే అది ఎలా చెప్పడం? అమ్మగారు కూసోమంటారు.

"మా మందిరంల సాక్ష్యమంటే ముందుగాల మన సంగతి చెప్పుకోవాలె సార్" అంది. "నా సంగతేందంటే, ఆ దినం సార్ బ్లేడు అడిగిండు. నేనే ఇచ్చిన. నా బ్లేడుతోనే సార్ నీలం పట్టీ కోసి స్విచ్చికి కట్టిండు."

"దయామణీ!" చంద్రకాంత్ కుర్చీ లోంచి సగం లేచాడు. "నిన్ను అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది?"

"ఆమెను చెప్పనివ్వండి" అన్నాడు వకీలు. మీసాల్లో నవ్వు లేదిప్పుడు.

"నాగేశ్వరి వద్దన్నది సార్. గేటు తెరిచి పెడ్తే భయమైతదన్నది. నేను విన్న. విని గూడ నా మూతలు నేను కోసుకుంట కూసున్న. అది నా తప్పు. పట్టీ నాగేశ్వరి కట్టంగ మాత్రం నేను సూడలేదు. సూడంది నేను చెప్పలేను."

గుమాస్తా వేళ్లు టకటకా కొట్టుకుపోతున్నాయి. వకీలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇట్లా చెప్పమని నీకు ఎవరైనా చెప్పారా అమ్మా?"

"లేదు సార్" అంది దయామణి. "వేరే తీర్గ చెప్పమనే చెప్పిన్రు."

శ్రావ్య మెల్లగా చంద్రకాంత్ వైపు తిరిగింది. అతను బల్ల మీది నీళ్ల గ్లాసు వైపు చూస్తున్నాడు. నాగేశ్వరి ముఖం ఎత్తి దయామణిని చూసింది. కళ్లు తుడుచుకోవాలని కుడి చెయ్యి లేపబోయి, కట్టు గుర్తొచ్చి దించేసింది.

తర్వాతి సాక్షి చిన్నరాములు, పక్క మిషన్ నడిపేవాడు. తలుపు బయట నిలబడి అంతా విన్నాడు. లోపలికి వస్తూనే, ఎవరూ ఏమీ అడగకముందే, "నాది గూడ గదే సార్" అన్నాడు. "నా మిషన్‌కు గూడ పట్టీ కట్టే ఉన్నది. ఇప్పటికి గూడ ఉన్నది. నా మాటెందుకు, లేచి వచ్చి సూడుండ్రి."

వకీలుసాబ్ లేచాడు. పాలిష్ బూట్లతో, టై సర్దుకుంటూ, మిషన్ల మధ్యకు నడిచాడు. వెనక శ్రావ్య, ఆ వెనక మిగతావాళ్లు. చిన్నరాములు మిషన్‌కు పట్టీ ఉంది. దాని అవతలి దానికీ ఉంది. ఆ అవతలి మిషన్ దగ్గరి బీహార్ అమ్మాయి, ఎవరూ అడగకుండానే, తన స్విచ్చి వైపు వేలు చూపించి, "ఇధర్ భీ హై సాబ్" అంది. అప్పటిదాకా తలలు వంచుకుని పని చేసుకుంటున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నోళ్లు విప్పనక్కర్లేకపోయింది. లేచి నిలబడటమే చాలింది.

గదిలోకి తిరిగొచ్చాక వకీలు ఎక్కువ మాట్లాడలేదు. నాగేశ్వరి మీద ఆరోపణ నిలవదని గుమాస్తాకు చెప్పి రాయించాడు. శ్రావ్య ఫోను పట్టుకుని రెండుసార్లు బయటికి వెళ్లి వచ్చింది. మూతలు కొనేవాళ్లు వచ్చి ఈ పట్టీలు చూస్తే ఏమవుతుందో పైవాళ్లకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఇది పనిలో జరిగిన ప్రమాదమేనని కంపెనీ ఒప్పుకుంటుందని, చెయ్యి బాగయ్యాక నాగేశ్వరి మిషన్ మీద కాకుండా మూతలు సరిచూసే బల్ల దగ్గర చేరవచ్చని చెప్పింది. దయామణి కాంట్రాక్టు ఊసు ఎవరూ ఎత్తలేదు. అంతమంది లేచి నిలబడ్డాక, ఎత్తే ధైర్యం ఎవరికుంది?

బయటికి వస్తుంటే నడవాలో చంద్రకాంత్ ఎదురయ్యాడు. ముఖంలో నెత్తురు లేదు. దయామణి పక్కకు జరిగి దారి ఇవ్వబోయింది. అతనే ఆగాడు.

"నాకు రాత్రుల్ల నిద్ర పడుతలేకుండె" అన్నాడు గోడ వైపు చూస్తూ. తర్వాత మిషన్ల వైపు వెళ్లిపోయాడు. కాసేపటికి షెడ్డులో ఒక్కో మిషన్ ఆగి, మళ్లీ నడవసాగింది. అతనే ఒక్కో పట్టీ విప్పుతున్నాడు. ప్రతి అచ్చుకు ముందు గేటు ఠక్కున మూసుకుంటున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఈ మధ్యకాలంలో ఆ షెడ్డులో అంత నెమ్మదిగా పని నడవడం దయామణి వినలేదు. చెవులకు ఎంత హాయిగా ఉందో!

*

ఆదివారం హాలు నిండింది. పాటలయ్యాయి. "ఇయ్యాల దయామణి వంతు" అన్నారు అమ్మగారు. పోశమ్మ ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి, ఈసారి ఎంత చెప్తావో చూస్తానన్నట్టు కూర్చుంది.

దయామణి లేవబోయింది. ఇంతలో తలుపు దగ్గర అలికిడైంది. నాగేశ్వరి. నుదుట కుంకుమ బొట్టు, చేతికి కట్టు, కూతురు కొంగు పట్టుకుని ఉంది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గడప దగ్గరే ఆగిపోయింది. అందరూ అటు తిరిగారు.

"ఏం గావాలె బిడ్డా?" అన్నారు అమ్మగారు.

"ఇక్కడ సాక్ష్యం చెప్తరట గదా అమ్మా. దయక్క చెప్పింది" అంది నాగేశ్వరి. "నేను గూడ చెప్పొచ్చా? నేను మీ మతం గాదు. మా ఎల్లమ్మకు మొక్కేదాన్ని, రేపు గూడ మొక్కుత. అట్లైతే వద్దంటరా?"

అమ్మగారు ఒక్క క్షణం ఆమెనే చూశారు. "చెప్పమ్మా" అన్నారు.

నాగేశ్వరి కొంగు భుజం చుట్టూ కప్పుకుని రెండడుగులు లోపలికి వచ్చింది. "నిన్న కంపెనీల నన్ను దోషిని జేసి కూసోబెట్టిన్రు. అంత పెద్దోళ్ల నడుమ నా దిక్కు ఒక్కరు గూడ లేరు. ఇగ నా బతుకు అయిపోయిందనుకున్న. అప్పుడు ఈమె వచ్చి నా పక్కన నిలబడ్డది. కాళ్లు ఎట్ల వణుకుతున్నయంటే, నా కుర్చీ గూడ కదిలింది. మీ దేవుని పేరు చెప్పింది, అందరు నవ్విన్రు. నవ్వినా ఆగలే. వణుక్కుంటనే నిజం చెప్పింది. తన తప్పు గూడ చెప్పుకున్నది. గట్ల నా పక్కన ఇంతవరకు ఎవ్వలు నిలబడలే అమ్మా. నేను చెప్పేది గంతే. మీ దేవుడు గట్ల నిలబడమని చెప్తడైతే, ఆయన మంచోడే."

పోశమ్మ కళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. ఆమెకు మాటలు దొరకకపోవడం ఆ మందిరం చరిత్రలో అదే మొదటిసారి. చాప మీద పక్కకు జరిగి, ముందు వరుసలో చోటు చేసి, "ఇటు రా బిడ్డా, నా పక్కన కూసో" అంది.

అమ్మగారు గొంతు సవరించుకుని దయామణి వైపు తిరిగారు. "ఇగ నీ సాక్ష్యం చెప్పు దయామణీ."

దయామణి లేచింది. మూతల పాఠం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు.

"నాది అయిపోయిందమ్మా" అంది. "శనివారమే."

ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. వెనక నుంచి ఒక గొంతు స్తుతి పాట ఎత్తుకుంది, డోలక్ అందుకుంది, హాలంతా చప్పట్లు. దయామణి వచ్చి నాగేశ్వరి పక్కన కూర్చుంది. పాట రాని నాగేశ్వరి తాళానికి తల ఊపుతోంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఎడమ చెయ్యి తనంతట తానే పైకి లేచింది, కొట్టడానికి రెండో చెయ్యి లేక గాలిలోనే ఆగిపోయింది.

దయామణి తన అరచెయ్యి చాపి దానికి ఎదురుగా పట్టింది. నాగేశ్వరి ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, ఆ అరచేతి మీద చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.